పొగకు తగ్గ గోలీలు

తొంభైల మధ్యలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వార్తలు రాసే రోజుల్లో నేను కిష్టారెడ్డిపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. అప్పటికి అక్కడ అపార్ట్‌మెంట్లు లేవు. జొన్న చేలు, బండరాళ్లు, వాటి మధ్య పెంకుటిళ్లు. మా ఇంటాయన ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తోటలకు నీళ్లు పెట్టే మెత్తటి పైపులు చేసే ఫ్యాక్టరీ అది. తెల్లటి పొడి, చిక్కటి నూనె, రంగు కలిపి పెద్ద డ్రమ్ములో వేడి మీద తిప్పడం ఆయన పని. ఆ సెక్షన్‌ను మిక్సింగ్ అనేవారు. డ్రమ్ము మూత తీసినప్పుడల్లా ఒక ఆవిరి లేచేది. కొత్త చెప్పుల దుకాణంలో వచ్చే వాసనను వంద రెట్లు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. సాయంత్రం ఆయన ఇంటికి వస్తే, ఆయనకంటే ముందు ఆ వాసన గేటు తీసుకుని లోపలికి వచ్చేది.

ఆదివారం మాత్రం ఆయన వేరే మనిషి. ఊరి చర్చిలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. మొదటి చరణం మొత్తం ఒక్క గుక్కలో అందుకునేవాడు. తర్వాత మిగతా వాళ్లు కలిసేవారు. చర్చికి వెళ్లని ఇళ్లలో కూడా ఆ గొంతు విని, "ఆదివారం తొమ్మిదయింది" అనుకుని పొయ్యి మీద కూర దించుకునేవారు.

ఆ ఏడాది వానాకాలంలో ఆయన గుక్క తగ్గింది. చరణం సగానికి రాగానే ఆగి, గోడ పట్టుకుని, దగ్గి, మళ్లీ అందుకునేవాడు. అప్పటికి జనం ముందుకు వెళ్లిపోయేవారు. రెండు మూడు వారాలు చూసి పాస్టరుగారు, అంటే ఊళ్లో అందరూ అయ్యగారు అనే ఆయన, మంచిగానే చెప్పారు.

"కొన్ని దినాలు వెనక బెంచీల కూసొని పాడు బిడ్డా. ముంగట ఇంకొకరు ఎత్తుకుంటరు. క్రిస్మస్ దాక సూద్దాం."

ఉద్యోగం పోయినా ఇంటాయన అంత చిన్నబోయేవాడు కాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, "క్రిస్మస్ దాక" అని రెండుసార్లు అన్నాడు. ఆయన భార్యను నేను వదినా అని పిలిచేవాణ్ణి. ఆమె నా వైపు చూసి, "దమ్ము అందుతలేదు తమ్మీ. ఆ పొగ ఫ్యాన్ కాలిపోయినప్పటి సంది గిదే పరేషాన్" అంది.

డ్రమ్ము పైన గోడకు ఒక పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండేదట. వానలకు నీళ్లు దిగి దాని మోటారు కాలిపోయింది. బాగు చేయించమని ఇంటాయన మేనేజరుకు ఎన్నోసార్లు చెప్పాడు. మేనేజరు ప్రతిసారీ శ్రద్ధగా విని, తల ఊపి, బెల్లం పెంచమని స్టోరుకు చెప్పేవాడు.

బెల్లం సంగతి చెప్పాలి. దుమ్ములో పనిచేసే వాళ్లకు షిఫ్టు దిగేటప్పుడు బెల్లం ముక్క ఇవ్వడం ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఆనవాయితీ. గొంతులో పడ్డ దుమ్మును బెల్లం కిందికి లాగేస్తుందని నమ్మకం. ఎక్కువ దుమ్ము తినేవాడికి పెద్ద ముక్క, తక్కువ తినేవాడికి చిన్న ముక్క, ఆఫీసులో కూర్చునేవాడికి ఏమీ లేదు. ఈ లెక్క మీద ఎవరికీ పేచీ ఉండేది కాదు. మిక్సింగ్ వాళ్ల ముక్క అందరికంటే పెద్దది. గేటు దాటేటప్పుడు దాన్ని కాగితంలో చుట్టకుండా, నలుగురికీ కనబడేలా చేత్తో పట్టుకుని నడిచేవారు.

ఇలా ఉండగా మేనేజరు హైదరాబాదులో ఏదో హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్లి వచ్చాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన మర్యాదస్తుడు, కొత్త విషయం ఏది విన్నా ముచ్చటపడే మనిషి. ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఒంట్లోకి పోయి లోపల ఒకలాంటి తుప్పు పట్టిస్తాయని, సి విటమిన్, ఇ విటమిన్ లాంటివి ఆ తుప్పును ఆపుతాయని అక్కడ ఎవరో చెప్పారు. అక్కడ ఇంకా ఏమేం చెప్పారో నాకు తెలియదు. భోజనం బాగుందని మాత్రం మేనేజరు చెప్పాడు. వచ్చిన వారంలోనే ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేసి, బెల్లం మాన్పించి, విటమిన్ పథకం ప్రారంభించాడు. విలేకరిగా నన్ను కూడా పిలిచారు.

"ఫ్యాన్ ఏం చేస్తుందండీ?" అని ఆయన మైకులో అడిగాడు. "పొగను బయటికి నెడుతుంది. పొగ బయటికొస్తే ఊరివాళ్లకు ఇబ్బంది, పొల్యూషన్ బోర్డు వాళ్లకు ఇబ్బంది, మనకూ ఇబ్బంది. అదే పొగను మన కార్మిక సోదరుడి లోపలే విటమిన్ పట్టేసుకుందనుకోండి, ఎవరికీ ఇబ్బంది లేదు. ఎక్కడి పొగ అక్కడే సరి."

చప్పట్లు కొట్టారు. ఇంటాయన కూడా కొట్టాడు. పక్కన కూర్చున్న నా చెవిలో, "అంటే ఇగ ఫ్యాన్ బాగుచేయరా తమ్మీ?" అన్నాడు.

సి విటమిన్ నారింజ రంగు గోలీ. నోట్లో వేసుకుంటే పుల్లగా, తియ్యగా కరిగేది. ఇ విటమిన్ తేనె రంగులో మెరిసే మెత్తటి గొట్టం గోలీ. వీటిని ఎలా పంచాలన్న ప్రశ్నే రాలేదు. బెల్లం లెక్క ఉండనే ఉంది. ఎక్కువ పొగకు ఎక్కువ గోలీలు, తక్కువ పొగకు తక్కువ. మిక్సింగ్ వాళ్లకు దోసెడు, మిషిన్ల మీద పైపు లాగే వాళ్లకు గుప్పెడు, పైపులు చుట్టలు చుట్టే ప్యాకింగ్ వాళ్లకు చిటికెడు.

నెల తిరిగేసరికి ఊరి నిండా గోలీలే. చుట్టాలు వస్తే చాయ్‌తో పాటు పళ్లెంలో నారింజ గోలీలు పెట్టేవారు. బడి వదిలాక పిల్లల నాలుకలన్నీ ఒకే రంగులో ఉండేవి. వదిన ఇ గోలీలను సూదితో పొడిచి, కొబ్బరి నూనెలో పిండి తలకు రాసుకునేది. ఎదురింటి ముసలమ్మ వాటిని బర్రెకు తినిపించి, పాలు చిక్కబడ్డాయని చెప్పుకునేది. ఒకాయన కాబోయే అల్లుణ్ణి చూసి వచ్చి, "పిల్లగాడు మిషిన్ మీద చేస్తడు. వచ్చే ఏడు మిక్సింగ్‌ల వేస్తరట. గోలీలకు కొదవలేదు" అని అరుగు మీద చెప్తుంటే నేను విన్నాను.

ఇంటాయన మాత్రం భక్తిగా తన వాటా మింగేవాడు. దగ్గు తగ్గలేదు. ఇంకా రెండు ఎక్కువ మింగాడు. కడుపు చెడింది గాని గుక్క పెరగలేదు. నేనే ఆయన్ని స్కూటరు మీద సంగారెడ్డిలో తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఛాతీ విని, గోలీల సీసా అటూ ఇటూ తిప్పి చూసి, పథకం అంతా చెప్పించుకున్నాడు.

"ఇవి ఒంటికి అక్కరకొచ్చేవే," అన్నాడు. "జామపండు తిన్నా, పల్లీలు తిన్నా వస్తాయి. ప్లాస్టిక్ విషం మీద ఇవి ఎంతవరకు పనిచేస్తాయో ఇంకా చూస్తూనే ఉన్నారు. అట్లని గుప్పెళ్లు గుప్పెళ్లు మింగొద్దు. ఇ విటమిన్ ఎక్కువైతే అదో తలనొప్పి. నీ ఛాతీలోకి పొగ పోతోంది కదా. ముందు పొగ పోవడం ఆపాలె."

"ఎట్ల ఆపాలె సార్?"

"ఫ్యాన్ లేదా అక్కడ?"

ఇంటాయన నా వైపు తిరిగి, "సూసినవా తమ్మీ, గింత సదువుకున్న సారు గూడ ఫ్యానే అన్నడు" అని మురిసిపోయాడు. దారి పొడుగునా అదే మాట. నేను విన్నది విన్నట్టు రాసి ఆ రాత్రే డెస్కుకు పంపాను. పొగ ఫ్యాన్ పాడైన చోట గోలీలు పంచుతున్నారని, డాక్టర్లు ఇలా అంటున్నారని రాశాను. మర్నాడు పేపర్లో అది నాలుగు వాక్యాలైంది. పైన శీర్షిక "కార్మికులకు విటమిన్ల విందు". మేనేజరు దాన్ని ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టాడు.

ఆ తర్వాత ప్యాకింగ్ వాళ్లు గొడవకు దిగారు. పొగ మా దాకా కూడా వస్తోంది, మాకు చిటికెడేనా అని. యూనియన్ లీడరు ప్యాకింగ్ సెక్షన్ మనిషే. చేతులు ఊపకుండా మాట్లాడలేడు. మేనేజరు న్యాయంగా తేలుద్దామని ఒక కమిటీ వేశాడు. మేనేజరు, స్టోరు గుమస్తా, యూనియన్ లీడరు కలిసి ప్రతి సెక్షన్‌కూ వెళ్లి వాసన చూసి, పొగ ఎక్కువో తక్కువో తేల్చాలి. కార్మికులు దానికి ముక్కు కమిటీ అని పేరు పెట్టారు. స్టోరు గుమస్తాకు ఏడాది పొడుగునా జలుబు. ఆయన ఏ సెక్షన్‌లో అయినా గట్టిగా చీది, "ఉంది సార్, మామూలుగా ఉంది" అనేవాడు.

కమిటీ వస్తోందని తెలియగానే ప్యాకింగ్ వాళ్లు తెగిన పైపు ముక్కలు రేకు మీద పెట్టి కాల్చేవారు. కమిటీ దగ్గుతూ వెళ్లి వాళ్ల వాటా పెంచింది. అది చూసి మిషిన్ల వాళ్లు హీటరు ఎక్కువ పెట్టి పైపు మాడ్చారు. వాళ్ల వాటా పెరిగింది. ఈ పొగంతా షెడ్డులో పైకి లేచి, వెళ్లడానికి దారి లేక, ఇంటాయన తల మీదికి దిగేది. నవంబరు వచ్చేసరికి ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు. వదిన మాట మధ్యలో అందుకుని తనే పూర్తి చేసేది. ఒక్కోసారి తప్పుగా పూర్తి చేస్తే ఇద్దరూ కీచులాడుకునేవారు. ఆ కీచులాటలోనూ ఆయన ముందు ఆగిపోయేవాడు.

ఒక ఆదివారం ఆయన చర్చికి పోలేదు. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ ఆయన దోస్తు. ఇద్దరూ కలిసి గోడకున్న మోటారు ఊడదీసి, సైకిలు క్యారియర్‌కు కట్టుకుని, పటాన్‌చెరులో వైండింగ్ షాపుకు తీసుకుపోయారు. తీగ చుట్టించి తెచ్చి మళ్లీ బిగించారు. సోమవారం పొద్దున స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది. ఆవిరి లేవడం, లేచినట్టే బయటికి పోవడం. ఆ సాయంత్రం ఇంటాయన గేటు దగ్గరే నిలబడి, "తమ్మీ, ఇయ్యాల దగ్గు ఒక్కసారే వచ్చింది" అని కేకేశాడు.

రెండు రోజుల తర్వాత ముక్కు కమిటీ వచ్చింది. షెడ్డంతా తిరిగింది. మేనేజరు ముక్కు ఎగరేశాడు, దించాడు. ప్యాకింగ్ వాళ్లు పైపు ముక్కలు కాల్చినా ఆ పొగనూ ఫ్యాన్ లాగేసింది, ఎక్కడా ఏమీ లేదు. స్టోరు గుమస్తా కూడా మొదటిసారి "లేదు సార్" అన్నాడు. లెక్క ప్రకారం మిక్సింగ్‌కు చిటికెడు. మిగతా వాళ్లకు అసలే లేవు.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఎవరో ఫ్యాన్ ఆపేశారు. ఇంటాయన వేశాడు. మళ్లీ ఆపేశారు. సాయంత్రం గేటు మీటింగ్ పెట్టారు. నేను వెళ్లేసరికి లీడరు స్టూలు ఎక్కి ఉన్నాడు.

"మన పొగ మన హక్కు! ఈ ఫ్యాన్ ఎవరిని అడిగి పెట్టిండ్రు? పిల్లలు గోలీల కోసం ఏడుస్తుండ్రు ఇండ్లల్ల. ఫ్యాన్ బంద్ చెయ్యాలె, గోలీలు చాలూ చెయ్యాలె! లేకుంటే రేపటి సంది సమ్మె!"

పొగ కావాలని కార్మికులు సమ్మెకు దిగుతామనడం నా ఉద్యోగంలో నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. ఇంటాయన ముందుకు వచ్చాడు.

"అన్నలారా, నా గోలీలు నాకొద్దు. మీరే తీస్కోండ్రి. ఫ్యాన్ మాత్రం..." అని ఆగాడు. ఊపిరి తీసుకుని, "ఉండనియ్యుండ్రి" అన్నాడు.

"నీ ఒక్కనియి ఎందరికి సరిపోతయ్ ర బై?" అన్నారెవరో వెనకనుంచి. "పాటల కోసం పదిమంది నోట్ల మన్ను కొడ్తవా?"

మేనేజరుకు ఇంకో ఇబ్బంది ఉంది. ఫ్రేము కట్టిన వార్త బొంబాయి దాకా పోయింది. కంపెనీ యజమాని పథకం చూడటానికి డిసెంబరులో వస్తున్నాడు. పొగ లేకపోతే గోలీలు ఎందుకు, గోలీలు లేకపోతే ఆయనకు చూపించడానికి ఏముంది? "ఫ్యాన్ తీసేద్దామంటే నాకూ మనసొప్పడం లేదండీ," అన్నాడు నాతో, నిజంగానే బాధపడుతూ. "కానీ అది తిరుగుతుంటే పథకానికి అర్థం లేకుండా పోతోంది."

ఇంటాయన అక్కడే ఇటుకల మీద కూర్చుని ఆలోచించాడు. తర్వాత లీడరును కేకేశాడు.

"అన్నా, నీ పెండ్లికి నువ్వు ఎన్ని దినాలు సెలవు పెట్టినవ్?"

"వారం. గిప్పుడు నా పెండ్లి ముచ్చట ఎందుకు?"

"ఆ వారం బెల్లం తీస్కున్నవా లేదా?"

లీడరు చేతులు ఊపడం ఆపాడు. తన పెళ్లికి సెలవు పెట్టినవాడు పనికి రాకపోయినా వచ్చినట్టే అనుకుని బెల్లం ఇంటికి పంపించడం ఆ ఫ్యాక్టరీ పద్ధతి. పెళ్లిపిల్లాడి ముక్క అందరికంటే పెద్దది కూడా.

"తీస్కున్న. అందరు తీస్కుంటరు."

"మనిషి రాకుంటే వచ్చినట్టే అనుకున్నం గద. ఫ్యాన్ తిరిగితే తిరుగుతలేదని అనుకోరాదా?"

ఎవరూ నవ్వలేదు. అందరూ మేనేజరు వైపు చూశారు. మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"పాత పద్ధతి ఉందంటున్నారు కాబట్టి అభ్యంతరం లేదు," అన్నాడు. "ఫ్యాన్ తిరుగుతుంది. తిరగడం లేదనే మనందరి ఉద్దేశం. గోలీలు యథాప్రకారం. కాకపోతే తిరుగుతోందని ఎవరూ అనకూడదు. ఒక్కరన్నా మళ్లీ కమిటీ వేయాల్సి వస్తుంది."

"అన్నోడు ఎవడైనా సరే, ఫ్యాన్ బంద్," అన్నాడు లీడరు. "ఒప్పుకున్నట్టే గద?"

"ఒప్పుకున్న," అన్నాడు ఇంటాయన.

మాట నిలబెట్టుకున్నారు. డిసెంబరులో యజమాని వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. ఫ్యాన్ మోటారు కొత్తగా తీగ చుట్టించింది కాబట్టి విమానం లేచినట్టు మోత. మిక్సింగ్ దగ్గర మేనేజరు పథకం గురించి గొంతు చించుకుని చెబుతున్నాడు. యజమాని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, పైకి చూపించి, "వో క్యా హై?" అన్నాడు.

"పురానా ఫ్యాన్ హై సర్! బంద్ హై!" అని అరిచాడు మేనేజరు.

యజమాని గిరగిరా తిరుగుతున్న రెక్కల వైపు కాసేపు చూశాడు. తల ఆడించాడు. ఫ్యాన్ గాలికి ఆయన టై డ్రమ్ము వైపు ఎగురుతోంది. దాన్ని చేత్తో పట్టుకుని తర్వాతి సెక్షన్‌కు నడిచాడు. ఇంటాయన మాత్రం తల దించుకుని నూనె పోస్తూ ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. మోతలో వినబడలేదు గాని, పాట సాధన చేస్తున్నాడని నాకు తెలుసు. ఆ పదిహేను రోజులుగా ఇంట్లోనూ అదే పని. చరణంలో ఎక్కడ ఆగుతున్నాడో వదిన వేలితో గాలిలో గీత గీసి చూపించేది. గీత రోజూ కొంచెం ముందుకు జరిగేది. ఒక్కో రోజు వెనక్కి కూడా వచ్చేది.

క్రిస్మస్ ముందు శనివారం సాయంత్రం అయ్యగారు మా ఇంటికి వచ్చారు. ఇంటాయన పాట విని, ముందు నిలబెట్టాలో వద్దో తేల్చడానికి. ఆరిన జొన్న కంకులు పక్కకు జరిపి ఆయనకు కుర్చీ వేశారు. పక్కింటి ప్యాకింగ్ మనిషి కూడా గోడ మీద చేతులు ఆనించి చూస్తున్నాడు.

ఇంటాయన గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. గొంతు మునుపటంత పెద్దగా లేదు. అయినా సాగింది. సగం దాటింది. చివరి మాట ముందు సన్నగా అయింది. తెగుతుందేమోనని వదిన చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడింది. తెగలేదు. చరణం అయ్యాక ఆయన దగ్గాడు. దగ్గి, నవ్వాడు.

అయ్యగారు కుర్చీలోంచి లేచారు. "స్తోత్రం! రేపటి సంది నువ్వే ముంగట. అక్టోబర్ల నిన్ను సూసి నేనే భయపడ్డ. గింత మార్పు ఎట్ల వచ్చింది బిడ్డా?"

ఇంటాయన నోరు తెరిచాడు. గోడ మీది మనిషి తల కొంచెం ఇటు వంచాడు. వదిన నేల చూపులు చూస్తోంది. నేను నా చాయ్ గ్లాసు వైపు చూశాను.

"గోలీలు అయ్యగారూ," అన్నాడు ఇంటాయన.

"ఫ్యాక్టరీ గోలీలా?"

"అవ్. అవ్వే."

గోడ మీది మనిషి తృప్తిగా తల ఊపి ఇంట్లోకి వెళ్లాడు. అయ్యగారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. "మన పాటల గుంపుల పిల్లలకు గూడ దమ్ము సాలుత లేదు," అన్నారు. "జెర వాళ్లకు గూడ తెచ్చియ్యి."

"తెస్త," అన్నాడు ఇంటాయన. ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని, నిండుగా ఊపిరి పీల్చుకుని, రెండో చరణం ఎత్తుకున్నాడు.